జనరల్ గారికి మీసం

ఒకే జనరల్‌వి పద్నాలుగు అచ్చు బొమ్మలు. గుర్రం మీద కొన్ని, కుర్చీలో కొన్ని, అన్నిట్లోనూ లోకమంతా తనను చూసి లేచి నిలబడాలన్నట్టు అదే మొహం. ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని ఒక చిన్న ఊరి మ్యూజియంలో పాత కాగితాలు బాగుచేసే హెస్టర్, ఏడాదిపాటు వాటిని ఒక్కొక్కటే నీళ్లలో కడిగి, మరకలు తీసి, ముడతలు పోయేదాకా బరువుల కింద పెట్టింది. తన పనంటే ఆమెకు గర్వం. ఉండదా మరి, అంత బాగా చేస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం తడిసిన కోటుతో ఒక పెద్దావిడ వచ్చింది. పేరు థర్జా ఓల్డ్‌రాయిడ్.

"ఆ జనరల్ బొమ్మలు మా మామగారివమ్మాయ్. ఆ జనరల్ అంటే ఆయనకు పిచ్చి. ఆయన పోయాక మావాళ్లు మీకిచ్చేశారు. నాకు ఒక్కటి చూపిస్తే చాలు. మీసం ఉన్నది."

"ఈయనకు ఎందులోనూ మీసం లేదండీ."

"మా అబ్బాయి క్లెమ్ పెట్టాడుగా!" ఆవిడ నవ్వింది. "ఆరేళ్లు వాడికి. పెన్సిల్‌తో చెవులదాకా లాగాడు. తాత వాడి చెంప ఛెళ్లుమనిపించాడు. నేను పక్కనే ఉండి కూడా అడ్డం వెళ్లలేదు. ఆ చలికాలమే వాడు జ్వరంతో పోయాడు. చూసి తట్టుకోలేక మా ఆయన వాడి పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టేశాడు. వాడి చేత్తో గీసింది ఇదొక్కటే మిగిలింది."

హెస్టర్‌కు వెంటనే గుర్తొచ్చింది. తొమ్మిదో బొమ్మ అది. ఎవడో వెధవ పాడుచేశాడని తిట్టుకుంటూ, రెండు రోజులు కూర్చుని ఆ గీతలు చెరిపింది తనే. పిచ్చిగీతలకు ఫోటో ఎందుకని అదీ తీయలేదు. దొరకలేదని చెబితే సరిపోయేది. నోరు రాలేదు.

"చెరిపేశానండీ," అంది. "శుభ్రం చేస్తున్నాననుకున్నాను."

హెస్టర్ బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టి, దీపాన్ని పక్కకు వంచింది. పిల్లలు పెన్సిల్ గట్టిగా నొక్కుతారు, కాగితంలో గాడి ఉంటుంది, ఏటవాలు వెలుగులో కనిపిస్తుంది. ఎంత వంచినా జనరల్ పైపెదవి నున్నగానే ఉంది. మూడు వారాలు బరువుల కింద పెట్టిందాయె. జన్మలో మొదటిసారి తన పనితనం మీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వు చూశావుగా," అంది థర్జా. "నేను పదిహేనేళ్లయింది చూసి. ఎలా ఉందో గీసి చూపించమ్మా."

హెస్టర్ ఒక చీటీ తీసుకుని, గుర్తున్నంతవరకు మీసం గీసింది. చక్కగా వచ్చింది.

థర్జా చాలాసేపు చూసింది. "ఇది కాదమ్మా. వాడిది ఎడమచెయ్యి."

హెస్టర్ పెన్సిల్‌ను ఎడమచేతిలోకి మార్చుకుంది. గీత వణికింది, పక్కకు పోయింది.

"ఇంకాస్త గట్టిగా నొక్కు," అంది థర్జా, ఆమె వేళ్ల మీద తన చెయ్యి వేసి. "కోపంగా ఉన్నాడప్పుడు."

ఇద్దరూ కలిసి నొక్కారు. పెన్సిల్ ముక్కు విరిగింది. థర్జా చెయ్యి మాత్రం తీయలేదు.