బోణీ లెక్కలోకి రాదు

బోణీ కాకముందే కొట్టు ముందుకొచ్చి నిలబడి, ఏమీ కొనకుండా, "వ్యాపారం ఎలా ఉందండీ?" అని అడిగే మనిషిని ఏం చేయాలి? నేనైతే గుప్పెడు ఉప్పు తీసి అతని కాళ్ళ మీద చల్లాను. కొరియాలో మా గున్సాన్ రేవు బజారులో ఎవరైనా అదే చేస్తారు. పొద్దున్నే పట్టిన దరిద్రం వదలాలంటే ఉప్పు పడాల్సిందే.

అతను వెనక్కి జరిగి బూట్లు దులుపుకున్నాడు. "ఓనర్‌గారూ, నా పేరు తాక్ యంగ్‌బే. సిటీ ఆఫీసు పంపితే వచ్చాను. గడ్డు రోజుల్లో కూడా చిన్న కొట్లు ఎలా నిలబడుతున్నాయో పరిశోధన చేస్తున్నాను" అన్నాడు.

"ఓనర్‌గారట. ఏమన్నా కొంటావా, కొనవా?"

"నేను కొనకూడదండీ. కొంటే పక్షపాతం అంటారు."

"అయితే మధ్యాహ్నం రా."

"మధ్యాహ్నం మీకు బేరాలుంటాయి. పొద్దున్నైతే ఖాళీగా ఉంటారు కదా అని ఇప్పుడొచ్చాను."

"ఖాళీగా ఉన్నామని మాకు గుర్తు చేయడానికా?"

చేతిలోని టాబ్‌లో ఏదో టకటకా కొట్టుకున్నాడు. నా గురించే కొట్టుకున్నాడని నాకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది.

అతను వెళ్ళాక దుప్పట్ల కొట్టు ప్యో పరుగెత్తుకొచ్చాడు. ప్యో మా బజారు సంఘానికి పెద్ద. పెద్దరికమంతా భయపడటంలోనే చూపిస్తాడు. "ఎండుచేపలక్కా, ఉప్పు ఎవరి మీద చల్లావో తెలుసా? ఆయన రాసే రిపోర్టు మీదే మన వెనక వరస కొట్ల బతుకంతా ఆధారపడి ఉంది. బయటి గిరాకీ ఉందని రాస్తే కొత్త కప్పు వేసి ఉంచుతారు. లేదని రాస్తే కూలగొట్టి కార్లు పెట్టుకునే స్థలం చేస్తారు."

"ముందే చెప్పి ఉంటే ఇంకో గుప్పెడు చల్లేదాన్ని" అన్నాను. పైకి అలా అన్నాను గానీ, కొట్టు ముందు పడ్డ ఉప్పంతా గబగబా ఊడ్చేశాను. నౌకల కార్ఖానా మూతపడ్డప్పటి నుంచీ మా వరసలో తెరిచిన కొట్లకంటే మూసిన షట్టర్లే ఎక్కువ. నాకీ ఎండు నెత్తళ్ళ కొట్టు తప్ప వేరే దారి లేదు. ఇది పోతే ఈ వయసులో నన్ను ఎవరు పనిలో పెట్టుకుంటారు?

నా ఎదురుగా మల్‌రే టోఫూ కొట్టు, సోయా పాలు విరగ్గొట్టి చేసే జున్నులాంటి ముక్కలు అమ్ముతుంది. ఆమెకూ నాకూ మాటల్లేక ఏళ్ళయింది. నా నెత్తళ్ళు పోయినేడాదివని ఒక గిరాకీతో చెప్పింది. నిజమే కావచ్చు. నిజమైతే మాత్రం చెబుతారా?

మాటల్లేకపోయినా బోణీ మాత్రం తప్పలేదు. పొద్దున్నే బయటివాళ్ళెవరూ రాకపోతే మల్‌రే రోడ్డు దాటొచ్చి, వెయ్యి వొన్ల నోటు నా నెత్తళ్ళ కుప్ప మీద పడేసి, పొట్లం తీసుకుని వెళ్ళిపోతుంది. నా మొహం చూడదు. కాసేపయ్యాక నేను వెళ్ళి ఆమె చెక్కట్రేలో నోటు పడేసి టోఫూ తీసుకుంటాను. నాకు ఎప్పుడూ అంచు విరిగిన ముక్కే ఇస్తుంది, దొంగముఖంది. వరసంతా ఇంతే. దుప్పట్ల ప్యో కూడా పొద్దున్నే నా దగ్గర గుప్పెడు నెత్తళ్ళు కొనుక్కుంటాడు. బోణీ అయిన చేతికి ధైర్యం ఉంటుంది. బోణీ కాని చేతికి, వచ్చిన మొదటి గిరాకీ మీదే విసుక్కోవాలనిపిస్తుంది, లేకపోతే నష్టానికైనా ఇచ్చేయాలనిపిస్తుంది.

తాక్ రోజూ వచ్చి అందరినీ అదే ప్రశ్న అడిగాడు: మీరు నిలబడటానికి కారణమేంటి? ఒకరు కష్టం అన్నారు, ఒకరు దేవుడన్నారు, ప్యో ఐకమత్యం అన్నాడు. నేను "నీలాంటివాళ్ళు తక్కువ రావడం" అన్నాను. మల్‌రే మాత్రం అతని మర్యాదకి పడిపోయింది. జీవితంలో ఆమెను ఎవరూ ఓనర్‌గారూ అని పిలిచి ఉండరు.

"బోణీ సార్. మా వరసలో ఒకరి బోణీ ఒకరం చేస్తాం" అని గొప్పగా చెప్పింది. నేను ఇక్కడ నెత్తళ్ళు ఏరుతూ వింటున్నాను.

"ఎదురు కొట్టావిడతో మీకు మాటల్లేవు కదా?"

"మాటలకీ బోణీకీ ఏంటి సంబంధం? దాని మొహం చూస్తే నాకు అన్నం సహించదు. అయినా బోణీ మాననుగా."

అతని కళ్ళు మెరిశాయి. మల్‌రే మురిసిపోయింది. మంచి జరిగిందనుకుంది, పిచ్చిది.

తర్వాతి వారం సిటీ ఆఫీసువాళ్ళు ప్యో కొట్టు ముందు కాగితం అతికించారు. మా వరసలో వ్యాపారులు తమలో తామే కొనుక్కుని అమ్మకాలు ఉన్నట్టు చూపిస్తున్నారని, అలాంటివన్నీ తీసేస్తే మిగిలేది అంతంతమాత్రమేనని అందులో ఉంది. చివరి అవకాశంగా ఇంకో వారం లెక్క చూస్తారట. ఆ వారంలో ఒక కొట్టువాళ్ళు ఇంకో కొట్టులో ఒక్కటి కొన్నట్టు కనిపించినా మోసం కింద రాసి వరస మొత్తం కూలగొట్టేస్తారట.

నేను తిన్నగా తాక్ దగ్గరికి వెళ్ళాను. టీ తాగుతున్నాడు.

"మోసమా? ఎవర్ని మోసం చేశాం?"

"మిమ్మల్ని మీరే, ఓనర్‌గారూ."

"కోడి వేపుడు కొట్టు పెట్టి ముంచుకున్నావట కదా. ప్యో చెప్పాడు. మునిగినవాడివి మాకు ఈత నేర్పుతావా?"

అతని మొహం పాలిపోయింది. కప్పు కింద పెట్టాడు. "అందుకే నేర్పుతున్నాను. మా అక్కలూ బావలూ వారం వారం వచ్చి కొనేవాళ్ళు. వ్యాపారం నడుస్తోందనుకున్నాను. వాళ్ళు నా మొహం చూసి కొంటున్నారని తెలిసేసరికి ఇల్లు కూడా తాకట్టులో పోయింది. మొదట్లోనే ఎవరన్నా ఆ అమ్మకాలు తీసేసి చూపించి ఉంటే ఇల్లన్నా మిగిలేది."

"నీ వాళ్ళు నీ మీద జాలిపడ్డారు. మల్‌రే మీద నాకు జాలి లేదు. అది రేపు చచ్చినా నేను టోఫూ తినడం మానను."

"మరెందుకు కొంటారు?"

"టీ చల్లారిపోతోంది, తాగు" అని విసురుగా వెనక్కి తిరిగాను. అతను మళ్ళీ టాబ్ తీసుకున్నాడు.

లెక్క మొదలైంది. పొద్దున్నే ఎవరూ రోడ్డు దాటలేదు. తాక్ మడతకుర్చీ వేసుకుని వరస మొదట్లో కూర్చున్నాడు. నా నెత్తళ్ళకేం, ఇవాళ కాకపోతే రేపు అమ్ముకుంటాను. టోఫూ అలా కాదు కదా, సాయంత్రానికే పులిసిపోతుంది. మొదటిరోజు మల్‌రే సగం ట్రే వెనక్కి మోసుకెళ్ళింది. రెండోరోజు అంతకంటే ఎక్కువే మోసుకెళ్ళింది. బోణీ కాని చేత్తో అరవడం కూడా చేతకాలేదు ఆమెకు. ఇదివరకు "వేడి టోఫూ" అని అరిస్తే రేవు దాకా వినిపించేది. ఇప్పుడు స్టూలు మీద కూర్చుని తన చేతులు తనే చూసుకునేది. వరసలో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు, ఆమె నోటి వల్లే ఇదంతా వచ్చిందని.

మూడోరోజు వాన. పొద్దెక్కినా ఒక్క మనిషి రాలేదు. మల్‌రే లేచి ట్రే మీద గుడ్డ కప్పి, షట్టరు కొక్కెం అందుకుంది.

ప్యో దుప్పట్ల వెనక నుంచి అరిచాడు. "దించెయ్. దించి మన వరసలో ఇంకో మూసిన కొట్టు చూపించు. వాగింది చాలక ఇది కూడానా? నీకు ముందే చెప్పాను, ఆ నోరు కుట్టుకోమని."

నేనెరిగిన మల్‌రే అయితే ప్యో ఏడు తరాలనీ పేరుపేరునా కడిగి ఆరేసేది. అలాంటిది తలొంచుకుని కొక్కెం లాగుతూ నిలబడింది. ఆ షట్టరు మళ్ళీ లేవదని నాకు తెలుసు. మా వరసలో అలా దిగినవి చాలా చూశాను.

నాకు భరించలేనంత కోపమొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఇన్నేళ్ళు నేను పళ్ళు కొరికింది దాని మీద. దాన్ని ఓడించాలనే చలిలో కూడా దానికంటే ముందొచ్చి కొట్టు తెరిచాను. ఇప్పుడెవడో కుర్చీ వేసుకుని కూర్చుని, చెయ్యి కూడా తడవకుండా దాన్ని ఓడించి పోతాడా?

వానలో రోడ్డు దాటాను. గుడ్డ తీసి నోటు ట్రేలో పడేశాను.

తాక్ లేచి నిలబడ్డాడు. "ఓనర్‌గారూ, వద్దు. ఇప్పటిదాకా మీ వరస బొటాబొటీగా గట్టెక్కుతోంది. నేను చూశాక రాయకుండా ఉండలేను."

"రాసుకో. పేరు ఓక్‌బున్. స్పెల్లింగు సరిగ్గా కొట్టు."

"అక్కా, మా అందరి గొంతు కోస్తున్నావు" అని ప్యో ఏడుపు గొంతుతో అన్నాడు. నిజమే. నా గొంతు కూడా అందులో ఉంది.

మల్‌రే కత్తి తీసి టోఫూ కోసింది. అంచు విరిగిన ముక్కే వెతికి మరీ ఇచ్చింది. నోటును నుదుటికి అద్దుకుని సంచిలో వేసుకుంది. ప్యో తిట్టుకుంటూనే వచ్చి ఒకటి కొన్నాడు. వరస ఎలాగూ పోయింది, బోణీ అయినా పోకూడదు కదా. మిగతావాళ్ళూ మల్‌రేని నోటికొచ్చినట్టు తిడుతూనే ఒక్కొక్కరే వచ్చారు. తాక్ అన్నీ టాబ్‌లో కొట్టుకున్నాడు. ఒక్కటీ వదల్లేదు.

చివర్లో అతనే వచ్చి జేబులోంచి నోటు తీశాడు. "నాకూ ఒకటివ్వండి. నేను బయటివాణ్ణి. నాది లెక్కలోకి వస్తుంది."

"అయిపోయాయి" అంది మల్‌రే.

"ఎదురుగా కనిపిస్తున్నాయి కదండీ."

"నీకు అయిపోయాయి." అని అటు తిరిగి, "వేడి టోఫూ" అని ఒక్క కేక పెట్టింది. నా చెవులు గింగురుమన్నాయి.

నెలాఖరుకి మా షట్టర్ల మీద ఎర్రరంగుతో కూల్చివేత నంబర్లు వేశారు. వేసినవాళ్ళు వెళ్ళాక మల్‌రే రోడ్డవతల నుంచి నన్ను పిలిచింది. ఏళ్ళ తర్వాత అదే మొదటి మాట.

"ఆ రోజు నిన్నెవరు రమ్మన్నారు? నువ్వు కదలకుండా కూర్చుని ఉంటే వరస మిగిలేది."

"మిగిలేది. నువ్వు లేకుండా మిగిలేది."

ఆమె ట్రే కడగడానికి లోపలికి వెళ్ళింది.