లోపలి అంచు

మనిషి నడక చూడాలంటే చూస్తున్నట్టు ఆ మనిషికి తెలియకూడదు. తెలిసిన మరుక్షణం ఎవరైనా సరే తన నడక మానేసి, తను ఎలా నడుస్తానని అనుకుంటున్నాడో అలా నడవడం మొదలుపెడతాడు. పదకొండేళ్లుగా ఒక షాపులో జనానికి పరుగు షూస్ తొడుగుతున్నాను. ఈ సంగతి నాకు మొదటి నెలలోనే తెలిసిపోయింది.

అందుకే కస్టమర్లని నడిచి చూపించమని అడగడం మానేశాను. పాత షూస్ తెమ్మంటాను. తిరగేసి అడుగుభాగం చూస్తాను. మడమ ఏ వైపు అరిగింది, బొటనవేలి కింద ఎంత అరిగింది, ఎడమకీ కుడికీ తేడా ఎంత. మనిషి మొహమాటపడతాడు, గొప్పలు పోతాడు, మర్చిపోతాడు. రబ్బరుకి ఆ బాధలేవీ లేవు. షాపులో ఒక ట్రెడ్‌మిల్ ఉంది, దాని వెనక పాదాల ఎత్తున ఒక కెమెరా ఉంది. యజమాని ముచ్చటపడి కొన్నాడు. నేను దానిమీద ఖాళీ అట్టపెట్టెలు పేరుస్తుంటాను.

నేను పెద్దగా మాట్లాడనని యజమాని నన్ను ముని అంటాడు. "కూర్చోండి కూర్చోండి, మా ముని షూ చూసి జాతకం చెప్పేస్తాడు," అని వచ్చినవాళ్ళతో అంటుంటాడు. విననట్టు ఉంటాను. లోపల మాత్రం కొంచెం గర్వంగానే ఉంటుంది. ఆ గర్వం సంగతి ఇక్కడే చెప్పేయడం మంచిది.

ఆ అక్కచెల్లెళ్ళు ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చారు. మాట్లాడేది అక్క. ఆవిడ బ్యూటీపార్లర్‌లో జుట్టు కత్తిరిస్తుందట. చెల్లెలు ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోస్తుందట. ఇదంతా కుర్చీలో కూర్చునేలోపే చెప్పేసింది.

"షూస్ దీనికండీ. ఫైర్ సర్వీసు ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉంది. రెండువేల నాలుగొందల మీటర్లు, పదమూడు నిమిషాలు. పోయినేడు పదకొండు సెకన్ల తేడాతో పోయింది. పదకొండు! నాకు తుమ్మడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది."

"అక్కా," అంది చెల్లెలు.

"ఏం, అబద్ధమా? ఇదే ఆఖరుసారండీ. వచ్చే ఏడాదికి దీని వయసు దాటిపోతుంది. ఇంక ఊరు తగలబడినా గట్టున నిలబడి చూడాల్సిందే."

పరీక్షకి ఇరవై రెండు రోజులుంది. చెల్లెలు ఒక కవర్ నా చేతికిచ్చింది. అందులో పాత షూస్. తిరగేశాను. లోపలి అంచు సుద్దముక్క అరిగినట్టు అరిగిపోయి ఉంది. రెండు కాళ్ళకీ అంతే. ఇంత స్పష్టమైన అరుగుదల ఏడాదికి రెండు మూడుసార్లే కనిపిస్తుంది.

"పాదం లోపలికి ఒరుగుతోంది," అన్నాను. "అరికాలి వంపు తక్కువ. లోపలివైపు గట్టి ఆనింపు ఉన్న షూ కావాలి. పోయినేడు మోకాలి కింద, ఎముక ముందువైపు నొప్పి వచ్చి ఉండాలే?"

"వచ్చింది," అంది చెల్లెలు, నెమ్మదిగా.

"చూశావా! ముట్టుకోకుండానే చెప్పేశారు," అంది అక్క.

చెల్లెలు తన పాదాల వంక చూసుకుంది. ఎవరో పరాయివాళ్ళ గురించి కబురు విన్నట్టు చూసింది. మనుషులు తమ గురించి ఇంకొకరు చెప్పింది ఎంత తేలిగ్గా ఒప్పేసుకుంటారో నేను చాలాసార్లు గమనించాను. గమనించి ఊరుకున్నాను. అది నాకు పనికొచ్చే గుణం.

పాత షూ లేసుల కింది నాలుక మీదున్న సైజు చూసి అదే సైజు తెచ్చి, కింద కూర్చుని ఆమెకి తొడిగాను.

"అయ్యో, పెద్దవారు, మీరు కాళ్ళు పట్టుకోవడమేంటండీ!" అంది అక్క.

"రోజుకి పాతికమంది కాళ్ళు పట్టుకుంటే గానీ నాకు పూట గడవదమ్మా."

ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు వింటూ లేసులు బిగించాను. మేజోడు మీంచి చెల్లెలి పాదం వంపు నా అరచేతికి తగిలింది. ఎత్తుగా, బిగువుగా ఉంది. చెయ్యికి తెలిసింది. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

పన్నెండు రోజుల తర్వాత, ఆదివారం ఉదయం, చెల్లెలు ఒక్కతే వచ్చింది. కుడికాలు కొంచెం ఈడుస్తోంది. షాపులో ఇంకెవరూ లేరు.

"ఇవి వెనక్కి ఇవ్వడానికి రాలేదండీ," అంది. "ఒక్క మాట అడుగుదామని. కొందరి కాళ్ళు అసలు పరుగుకి పనికిరావా?"

"ఎక్కడ నొప్పి?"

మోకాలి బయటివైపు వేలు పెట్టి చూపించింది. "కిలోమీటరు దాటగానే మొదలవుతుంది. తర్వాత కాలు మడవలేను. మానేద్దామనుకుంటున్నాను. అక్కకి చెప్పను. ఆ రోజు ఆసుపత్రిలో డ్యూటీ వేశారని చెప్తాను."

షూస్ విప్పించి తిరగేశాను. పన్నెండు రోజుల్లో రబ్బరు పెద్దగా అరగదు గానీ పైనున్న గరుకు పోతుంది. బయటి అంచున నున్నగా మెరుస్తోంది. లోపలి అంచు షాపులోంచి వెళ్ళినప్పటిలాగే ఉంది.

నా బుర్రలో మొదట పుట్టినవి సాకులు. రోడ్డు ఒక పక్కకి వాలుగా ఉండి ఉంటుంది. కొత్త షూస్ కదా అని ఈమె అడుగు మార్చి వేస్తూ ఉండి ఉంటుంది. తయారీలోనే లోపం ఉండి ఉంటుంది. వరసగా మూడు. మూడూ నమ్మదగ్గవే. మూడింటిలోనూ నా తప్పు లేకపోవడం చూసి నాకే అనుమానం వచ్చింది.

"ఆ పాత షూస్ ఎన్నాళ్ళు వాడారు?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలకి అంత అరగవే!"

"అంతకుముందు అక్క వాడింది కదండీ. బరువు తగ్గాలని ఏడాదిన్నరపాటు రోజూ పార్కులో నడిచింది. షూస్ తగ్గాయి, తను తగ్గలేదు. మానేసి నాకిచ్చేసింది."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

ఆమె ఆశ్చర్యపోయింది. "ఏం చెప్పాలి? మా ఇంట్లో ఏదైనా అంతే. స్కూలు బట్టలు, సైకిలు, కళ్ళజోడు ఫ్రేము, అన్నీ అక్క తర్వాత నాకే. మీరూ అడగలేదు."

నిజమే, నేను అడగలేదు. ఈ షూస్ మీవేనా అని పదకొండేళ్లలో ఎవరినీ అడగలేదు.

యజమాని గల్లా దగ్గర నుంచి అంతా విన్నాడు. చేత్తో సైగ చేసి నన్ను పక్కకి పిలిచాడు.

"అలవాటు పడాలి, ఇంకో నెల వాడమని చెప్పు," అన్నాడు గొంతు తగ్గించి.

"పరీక్ష పది రోజుల్లో ఉంది."

"అయితే వారం వాడమను. ఏంటి మునీ, నీ జాతకం తప్పిందని నువ్వే దండోరా వేసుకుంటావా?"

అతను చెడ్డవాడు కాదు. నేను అప్పటికే లోపల అనుకున్న మాటే అతను పైకి అన్నాడు. బయటి నుంచి వినేసరికి ఆ మాట అసహ్యంగా ఉంది.

వెనక్కి వచ్చి ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. "నేను తప్పు చెప్పాను. ఆ రోజు నేను చూసింది మీ అక్క పాదాన్ని. మీ పాదం నేను చూడనేలేదు. ఈ నొప్పి నేనిచ్చిన షూ వల్ల వచ్చింది."

ఆమె షూ ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది.

"పన్నెండు రోజులు," అంది. "రోజూ పొద్దున్నే నా కాళ్ళని తిట్టుకుంటూ పరిగెత్తాను. మీకేం, ఒక్క మాట అనేసి ఊరుకున్నారు."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

లేచి ట్రెడ్‌మిల్ మీది అట్టపెట్టెలు కిందికి దించాను. మేజోళ్ళతోనే ఒక్క నిమిషం, నొప్పి మొదలయ్యేలోపు, నెమ్మదిగా పరిగెత్తమన్నాను. ఆమె ఎక్కింది. ఎక్కగానే వీపు నిటారుగా పెట్టి, మోచేతులు ఒంటికి అతికించుకుని, ఫోటో తీయించుకుంటున్నట్టు పరిగెత్తింది.

"మోచేతులు అలా ఎవరు పెట్టమన్నారు?"

"అక్క."

"మూడొందల్లోంచి ఏడేసి తీసేస్తూ పైకి చెప్పండి."

"ఎందుకు?"

"చెప్పండి."

"మూడొందలు. రెండొందల తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్భై... డెబ్భై తొమ్మిది. డెబ్భై రెండు. అరవై నాలుగు."

"అరవై అయిదు."

"నేను లెక్కల్లో సున్నా అండీ!"

"మంచిదే. కానివ్వండి."

రెండొందల ముప్పై దగ్గరికి వచ్చేసరికి ఆమె నుదురు ముడతలు పడింది, పెదవులు కదులుతున్నాయి, చేతులు ఎటు పోతున్నాయో ఆమెకి పట్టడం లేదు. పాదాల్ని ఎవరూ కనిపెట్టుకుని లేరు. అప్పుడు చూశాను. అడుగు బయటి అంచు మీద పడుతోంది, అక్కడే నిలబడుతోంది, లోపలికి రావడం లేదు. ఆ పాదానికి లోపలివైపు నేను గట్టి దిమ్మ పెట్టి ఇంకా బయటికి తోశాను.

దింపి, పాదం తడిపి, ఒక అట్టముక్క మీద నిలబడమన్నాను. మడమ ఒక మచ్చ, వేళ్ళ కింద ఒక మచ్చ. రెండింటికీ మధ్య, ఎత్తైన వంపు పక్కన, బయటివైపు దారమంత తడి. ఆమె వంగి చూసింది.

"ఇది నాదేనా?"

"మీదే."

ఆ గుర్తు ఆరిపోయేదాకా చూస్తూ నిలబడింది.

వాటికి బదులుగా మెత్తగా, ఏ ఆనింపూ లేకుండా ఉండే జత ఒకటి, అదే సైజుది, అద్దాల బీరువాలోంచి తీశాను. యజమాని పైకప్పు వంక చూశాడు గానీ అడ్డుచెప్పలేదు. తొడిగి ముందుభాగం బొటనవేలితో నొక్కాను. నాకు కావలసినంత ఖాళీ తగల్లేదు.

"వేళ్ళు ముందుకి తగులుతున్నాయా?"

"లేదండీ. సరిగ్గా ఉన్నాయి."

మళ్ళీ అడగలేదు. ఇకమీదట రబ్బరు కంటే మనిషి మాటే నమ్మాలని గంట కిందే నిర్ణయించుకున్నాను. కొత్తగా చేసుకున్న నిర్ణయాన్ని అంత తొందరగా శంకించడం ఇష్టం లేకపోయింది.

"నాలుగు రోజులు పరుగు వద్దు. తర్వాత కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. మానేయొద్దని నేను చెప్పను. ఒకవేళ మానేస్తే, మీ కాళ్ళ మీద మాత్రం నెట్టకండి."

ఆమె లేసులు తనే కట్టుకుంది. "మీరెప్పుడైనా పరిగెత్తారా?"

"లేదు."

"అనుకున్నాను," అని వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు సెలవడిగితే యజమాని కళ్ళజోడు తీసి మరీ చూశాడు నన్ను. ఏదో పని నేర్చుకోవడానికి వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె వస్తుందో రాదో తెలియకుండా షాపులో కూర్చోలేనన్నది అసలు సంగతి.

మైదానం చుట్టూ ఇనుప కంచె ఉంది. బయట బంధువులు నిలబడి ఉన్నారు. అక్క నన్ను దూరం నుంచే పోల్చుకుంది.

"మీరా! మా చెల్లెలికి నా కాళ్ళు అతికించిన మహానుభావులు! నా కాళ్ళంటే అంత మోజైతే నన్నే పరిగెత్తించాల్సింది కదా."

"తప్పయిపోయిందమ్మా."

"అంతా చెప్పింది లెండి. మానేద్దామనుకున్నానని కూడా చెప్పింది. నాలుగు తగిలించాను."

లోపల ఇరవై మంది ఆడవాళ్ళు, వీపుల మీద నంబర్లు. ఆరు చుట్లు తిరగాలి. విజిల్ వేశారు. మొదటి రెండు చుట్లూ నేను ఆమె పాదాలే చూశాను. అడుగు బాగానే పడుతోంది. తర్వాత నలభై కాళ్ళలో ఆ రెండూ కలిసిపోయాయి. చేసేదేమీ లేక మొహం చూశాను. దవడ బిగించి, నోరు తెరిచి, చూడ్డానికి ఏమీ బాగోలేదు. ఎవరికీ కనిపించాలని లేదు ఆ మొహంలో. ఇన్నేళ్ళలో నేను కాళ్ళని దాటి పైకి చూసింది తక్కువ.

నాలుగో చుట్టు చివర్లో ఆమె వెనకబడింది. అక్క కంచె పట్టుకుని పక్కనే పరిగెడుతూ, "మోచేతులే! మోచేతులు దగ్గరికి పెట్టవే!" అని అరిచింది. ఆ మాట వినబడగానే లోపల ఆమె చేతులు బిగుసుకుపోవడం నాకు కనబడింది.

"వద్దమ్మా," అన్నాను. "ఏమీ చెప్పకండి."

"నా చెల్లెలికి నేను చెప్పకూడదా?"

"ఈ రెండు చుట్లూ చెప్పకండి."

ఆవిడ నన్ను కొట్టేలా చూసింది. తర్వాత చున్నీ కొస నోట్లో కుక్కుకుని కంచెకి ఆనుకుంది. ఆ రెండు చుట్లూ ఆవిడ దగ్గర నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

గడియారం పట్టుకున్న ఉద్యోగి నంబర్లు వరసగా చదివాడు. ఆమెది పన్నెండు నిమిషాల యాభై నాలుగు సెకన్లు.

"ఆరు సెకన్లు మిగిల్చింది," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "పొదుపు మనిషి."

చెల్లెలు కాసేపటికి గేటులోంచి బయటికి వచ్చింది. ఎడమకాలు ఈడుస్తోంది.

"మోకాలా?" అని అడిగాను.

"మోకాలు బాగుంది." గడ్డి మీద కూర్చుని ఎడమ షూ, మేజోడు విప్పింది. బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. "మొదలుపెట్టిన రోజు నుంచీ ముందుకి తగులుతోంది."

"ఆ రోజు అడిగితే తగలట్లేదన్నారు."

"షూ అంటే అంత బిగుతుగానే ఉంటుందనుకున్నాను. నావన్నీ అలాగే ఉండేవి."

అక్క కన్నీళ్ళు ఆగిపోయాయి. చెల్లెలి పాదం వంక చూసింది, తన చెప్పుల వంక చూసుకుంది. "నీ కాలు నాకంటే పెద్దదా?"

"ఏమో."

పాదం కొలిచే చెక్క షాపులో ఉంది. ఇద్దర్నీ కాళ్ళకి ఏమీ లేకుండా, గేటు ముందు సిమెంటు బాట మీద పక్కపక్కన నిలబడమన్నాను. అక్క చెల్లెలి భుజం పట్టుకుంది. నేను నేల మీద కూర్చుని రెండు మడమలూ ఒకే గీతకి చేర్చాను. ముందు చూస్తే చెల్లెలి పాదం బొటనవేలి గోరంత ఎక్కువ పొడుగుంది.

"చిన్నప్పట్నుంచీ ఇంతేనా?" అంది అక్క. "ఒక్కసారైనా అనలేదేమే?"

చెల్లెలు వంగి చూస్తూ, బాట మీద వేళ్ళన్నీ విడదీసింది.