అవ్వ వింటున్న పాఠం

ఆ సోమవారం నేను చెయ్యాల్సిన పనులు ఇవి. పోయిన వారం క్లాసుకు రాని పిల్లలందరికీ ఫోన్ చెయ్యాలి. సిరికొండ దిక్కు సిగ్నల్ దొరకని పిల్లలకు పాఠాలు రికార్డు చేసి పంపాలి. పరీక్ష పేరెత్తితే వణికిపోతున్న ఒకమ్మాయితో కాసేపు మాట్లాడాలి. మా ఆఫీసు పెద్ద రామస్వామి సారుకు నెల రిపోర్టు ఇవ్వాలి. సంజన ఎందుకు వస్తలేదో కనుక్కోవాలి.

మా ఆఫీసు నిజామాబాద్‌ కంఠేశ్వర్‌లో, పిల్లల దవాఖాన పైన. బడి మధ్యలో ఆగిపోయినవాళ్లకు ఫోన్‌లోనే పదో తరగతి చెప్పే సంస్థ మాది. పాఠాలకు టీచర్లున్నారు. నేను కౌన్సిలర్‌ని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు కాబట్టి ఆ మాటకు అర్థం మా అమ్మకు చెప్పడానికి తిప్పలు పడ్డాను. "పిల్లల బాధలు వింటనమ్మా" అంటే, "విననీకి గూడ జీతమిస్తరా?" అంది.

సంజనది బోధన్ నుంచి వర్ని పోయే తోవలో ఒక ఊరు. తల్లి గంగమణి బీడీలు చుడుతుంది. తండ్రి హన్మండ్లు ఒకప్పుడు బోధన్ చుట్టూ చెరుకు కొట్టేవాడు. చెరుకు తగ్గిపోయాక సౌదీకి, ఊళ్లోవాళ్ల మాటలో దుబాయికి, కట్టడాల పనికి పోయాడు. తొమ్మిదితో బడి మానేసిన బిడ్డ మళ్లీ చదవాలని పట్టుబట్టి, అక్కడి నుంచి ఫోన్ కొని పంపింది ఆయనే. క్లాసులో ఏ ప్రశ్న అడిగినా ముందు జవాబిచ్చేది సంజనే. కొన్నాళ్లు పిలిచినా పలకలేదు. తర్వాత రావడమే మానేసింది.

ఫోన్ చేస్తే ఎత్తింది. వెనక నుంచి గంగమణి గొంతు వినబడింది.

"ఎవరే? బాపునా?"

"కాదవ్వా, క్లాసు మేడం."

"ఏమైంది సంజనా, ఎందుకొస్తలేవు?" అని అడిగాను.

"మేడం, నాకొక్కదానికే లింకు పంపుతరా? డౌటున్నది" అంది.

పంపాను. గోడకానుకొని కూర్చున్న సంజన కనబడింది. కండ్లు వాచిపోయి ఉన్నాయి. ఆమె వెనక గంగమణి ఒళ్లో చాట పెట్టుకొని బీడీ ఆకు కత్తిరిస్తోంది. సంజన తలవంచి టైపు చేసింది.

"మేడం పైకి ఏం అనకుండ్రి. బాపు సచ్చిపోయిండు. అవ్వకు తెల్వది."

గొంతు దాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. ఆ పిల్లకు ఇయర్‌ఫోన్లు లేవు. నేనేమన్నా ఆ గదిలో మోగుతుంది. బల్ల మీద సోషల్ పుస్తకం ఉంటే చేతికి తీసుకొని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "గోదావరి నది మహారాష్ట్రలో పుట్టి, నిజామాబాద్ జిల్లాలో తెలంగాణలోకి అడుగుపెడుతుంది..."

నేను చదువుతున్నాను. ఆ పిల్ల రాస్తోంది. తండ్రి గదిలో నిద్రలోనే పోయాడట. తోడుండేవాళ్లు ఫోన్ చేస్తే తనే ఎత్తిందట. శవమున్న పెట్టె ఇంటికొచ్చేదాకా అవ్వకు చెప్పొద్దని బాబాయి అనిల్‌కుమార్ ఒట్టు వేయించుకున్నాడట.

"మేడం," అని గంగమణి వెనక నుంచి పిలిచింది. "గోదారి మాకెరుకే గదా. కందకుర్తికాడ తానం జేసినం. గంతసేపు గోదారేనా, కొత్త ముచ్చటేదన్న చెప్పుండ్రి!"

సంజన పెదవి ఒకసారి కదిలింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నేను పేజీ తిప్పాను.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మా ఇద్దరికే ఆ క్లాసు. నేను దొరికిన పాఠమల్లా పైకి చదివేదాన్ని. తను ఇంట్లో అనలేని మాటలు రాసేది. "బాపుకు ఎడారిల పనివడ్డది, సిగ్నల్ లేదని చెప్తున్న. ఫోన్ మోగితే అవ్వ ఉరికొస్తది మేడం." ఇంకోరోజు, "ఏడుపొస్తే పొగాకు ఘాటంటున్న. కండ్లు కడుక్కొమ్మని అవ్వనే నీళ్లు తెచ్చిస్తది." చివరికొక రోజు, "సదువు బందువెడ్త మేడం. బాపు కొనిచ్చిన ఫోన్లనే గా మాట విన్న. గిది పట్టుకుంటే మల్ల గదే ఇనవడ్తది."

అనిల్‌కుమార్‌కు ఫోన్ చేశాను. బోధన్‌లో ఆటో నడుపుతాడు.

"మీరు సదువుకున్నోళ్లు మేడం, మీకు తెల్వది. మా కాడ గిదే రివాజు. దుబాయి దిక్కు పోయినోడు గుజరిపోతే పెట్టె వచ్చేదాంక పెండ్లానికి చెప్పరు. ఎంబసీ కాగితం ఎప్పుడొస్తదో ఏమో. అన్ని దినాలు వదిన తినక, పండక ఏడ్సుకుంట కూసుంటే ఎవలు సంబాళియ్యాలె?"

"సంజనను ఎవరు సంబాళిస్తున్నరన్నా?"

"అది ధైర్యమున్న పిల్ల," అని ఫోన్ పెట్టేశాడు.

రామస్వామి సారుకు చెప్పాను. "శ్రీవాణీ, మన పని చదువు. ఇంటి ముచ్చట్లల్ల ఏలు పెడితే రేపు ఏ తల్లీ పిల్లకు ఫోనియ్యది" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. ఆ చావు వార్త చెప్పే హక్కు కూడా నాకు లేదు. కానీ క్లాసుకు రాని పిల్ల ఇంటికి పోయి చూడడం నా పనే. పోతున్నానని చెప్పి బయల్దేరాను.

బోధన్‌లో బస్సు దిగి అనిల్‌కుమార్ ఆటోనే ఎక్కాను. కాలువ వెంట రెండు దిక్కులా వరి. ఒక మలుపు దగ్గర, "గీ మడులన్ని అప్పుడు చెరుకే. అన్న కొట్టెటోడు, నేను మోపులు గట్టెటోన్ని" అన్నాడు.

ఇంటి ముందర గాజులామె గంప దించుకొని కూర్చుంది. గంగమణి చెయ్యి చాపి ఉంది. గాజులామె ఆ చెయ్యి పిసికి పిసికి ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తోంది.

"రా మేడం, కూసో! గోదారి మేడమేనా? ఫోన్ల పెద్దగ కనవడ్డవు, గింతనే ఉన్నవేంది? నువ్వు గూడ ఏసుకో, మంచి రకమున్నయ్" అంది గంగమణి.

సంజన గడప మీద నిలబడి ఉంది. "అవ్వా, ఇప్పుడొద్దే" అంది.

"గిదేందే! ఎన్ని దినాల సంది సూస్తున్న, ఉత్తగనే మొకం మాడుస్తవ్. మీ బాపు వచ్చేవరకు బోసి చేతులతోని ఉండాల్నా? ఇంకో జత ఎక్కియ్యమ్మా."

గాజు ఒకటి కణుపు దాటింది. సంజన తలుపు పట్టుకుంది. నా దిక్కు చూసింది, చెప్పమన్నట్టు. ఆ మాట నాది కాదు. అనిల్‌కుమార్ వైపు తిరిగాను.

"అన్నా, ఆ పిల్ల మొకం ఒక్కసారి చూడు."

చూశాడు. అన్నిరోజులూ కాగితాల కోసం తిరిగాడే గానీ ఆ పిల్లను అంతసేపు చూసినట్టు లేదు. చెప్పులు విడిచాడు. వచ్చి గంగమణి ముందర నేల మీద కూర్చున్నాడు.

"వదినా, అన్న లేడు."

గాజులామె చేతిలో జత అట్లనే ఆగిపోయింది. గంగమణి వెంటనే ఏడవలేదు. "ఎవలు చెప్పిండ్రు?" అని అడిగింది.

"సంజన ఫోన్‌కే వచ్చింది."

బిడ్డ వైపు తిరిగింది. "గందుకేనా తల్లీ, అన్నం కుక్కకు ఏస్తున్నవ్?"

సంజన తల ఊపింది. గంగమణి గంపను పక్కకు నెట్టి బిడ్డను ఒళ్లోకి గుంజుకుంది. అప్పుడు లేచింది ఇద్దరి ఏడుపు. సంజన గొంతు అంత పెద్దదని నాకు అంతవరకూ తెలియదు.

వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. నాకు చేతనైంది ఒక్కటే. సంజన చేతిలోని ఫోన్ తీసుకున్నాను. పొద్దుగూకేదాకా ఎవరు చేసినా నేనే మాట్లాడాను. పోయేముందు దాన్ని అనిల్‌కుమార్ చేతిలో పెట్టి, "కాగితాల ఫోన్లన్నీ ఇక నీ నంబరుకే రావాలి" అన్నాను. సరేనన్నాడు.

పెట్టె వచ్చిన రోజు గంగమణి తనే హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయింది. ఒద్దన్నవాళ్లతో, "ఆయన్ను సాగదోలనీకి నేనే పోయిన. తోలుకచ్చుడు గూడ నేనే" అందట. పెట్టె పక్కన కూర్చొని ఇంటిదాకా వచ్చింది.

బాబాయి దగ్గర్నుంచి ఫోన్ తిరిగి తీసుకొని సంజన మళ్లీ క్లాసుకు వస్తోంది. అన్ని రోజులూ కాదు. కొన్నిసార్లు మధ్యలోనే వెళ్లిపోతుంది. పరీక్ష ఎట్లా రాస్తుందో చెప్పలేను. ఇప్పుడు నాతో పైకే మాట్లాడుతుంది. వాళ్ల బాపు మూడో తరగతితోనే బడి మానేశాడట. అన్నం తినే వేళకు ఫోన్ చేసి, "ఇయాల ఏం పాఠమయ్యింది బిడ్డా?" అని అడిగేవాడట. రాత్రి దాన్నే గదిలోవాళ్లకు తను నేర్చుకున్నట్టు చెప్పేవాడట.

"దుబాయిల సచ్చిపోయినోడు అంటరు గని, ఎవ్వరు పేరు చెప్తలేరు మేడం" అంది ఒకరోజు.

నేను ఆయన్ను చూడలేదు. అయినా ఇది చదివినవాళ్లను ఒక్కటి అడుగుతున్నాను. ఆయన పేరు హన్మండ్లు. గంగమణి భర్త, సంజన తండ్రి. బిడ్డ చెప్పిన పాఠాలు ఎడారిలో పదిమందికి చెప్పినవాడు. ఆయన్ను యాదిలో పెట్టుకోండి.