చూద్దాం గడి

ఆ ఆసుపత్రిలో "వద్దు" అనే మాట ఎవరి నోటా వచ్చేది కాదు. ఇష్టం లేనివాళ్లంతా "చూద్దాం" అనేవారు. కొత్త టీకా వచ్చిన రోజున పెద్ద సిస్టర్ చేతికి సిబ్బంది జాబితా ఇచ్చి, ఎవరు ఒప్పుకున్నారో ఎవరు కాదన్నారో రాయమన్నారు. సాయంత్రమైనా రెండు గళ్లూ దాదాపు ఖాళీయే. ఆవిడ విసుగెత్తి పక్కన మూడో గడి గీసి "చూద్దాం" అని రాసింది. అది ఇట్టే నిండిపోయింది.

రోజూ పదిమందికి సూదులు పొడిచేవాళ్లే, తమ దాకా వచ్చేసరికి నీళ్లు నమిలారు. "ఇంత తొందరగా తయారైందంటే నాకెందుకో అనుమానం," అన్నాడు ల్యాబతను. "ముందు డాక్టర్లను వేయించుకోమనండి," అన్నాడు మందులిచ్చే ఆయన. డాక్టర్లకేమో ఆ వారమంతా తీరికే దొరకలేదు.

వార్డు ఆయా పద్దెనిమిదేళ్లుగా పెద్ద సిస్టర్ వెనకే తిరిగిన మనిషి. ఆమె అడిగింది ఒక్కటే.

"మీరు వేయించుకుంటున్నారా అక్కా?"

అందరూ వింటున్నారు. పెద్ద సిస్టర్‌కీ లోపల భయమే. "చూద్దాం," అంది.

"అయితే నన్నూ అందులోనే రాయండి. మీ కింద."

రాసింది.

ఆ టీకా సీసాలో పదిమందికి సరిపడా మందు ఉంటుంది. మూత తీస్తే ఆ పూటే వాడెయ్యాలి. నాలుగో రోజు టీకాకు బయటివాళ్లు తొమ్మిదిమందే వచ్చారు. మిగిలింది పారబోయడానికి పెద్ద సిస్టర్‌కు చేతులు రాలేదు. తలుపు వేసుకుని తన ఎడమ చేతికి తానే పొడుచుకుంది. ధైర్యమని ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు, వృథా చేయడం ఆవిడకు గిట్టదు, అంతే. తలుపు అవతల ఆయా వరండా తుడుస్తోంది. పిలిస్తే వచ్చేది.

మర్నాడు చెబుదామనుకుంది. చాటుగా వేసుకుందని నలుగురూ నవ్వుతారేమోనని ఆగింది. జాబితాలోనూ మార్చలేదు.

నెల తిరక్కుండానే ఆ జబ్బే సోకి ఆయా తాను పనిచేసే వార్డులోనే పద్నాలుగో మంచం ఎక్కింది. ఎంత ఆక్సిజన్ పెట్టినా వేలికి తగిలించిన మీటరులో అంకె పైకి రావడం లేదు. కూతురికి కబురు చేయమని డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్లాడు. పెద్ద సిస్టర్ ఫోను చేసి వచ్చేసరికి, ఆయా మాస్కు పక్కకు జరిపి చూస్తోంది.

"మీకు జ్వరం గట్రా లేదు కదా అక్కా?"

"లేదులే. మాట్లాడకు, ఆయాసం వస్తుంది."

"చూద్దాం చూద్దామని ఇద్దరం కూర్చున్నాం. నా పని ఎలాగూ ఇంతే. మీరింక ఆగకండి. ఇవాళే వేయించేసుకోండి."

"సరేలే."

"అలా కాదు. ఒట్టేయండి."

నిజం గొంతు దాకా వచ్చింది. ఈ స్థితిలో చెబితే తట్టుకోలేదని తనకు తాను సర్దిచెప్పుకుంది. నిజానికి భయపడింది, తొలిరోజు భయపడినట్టే. ఆ అరచేతిలో చేయి వేసి "వేయించుకుంటాను, ఒట్టు," అంది. ఆయా ముఖం తేటపడింది. పెద్ద గండం నుంచి సొంత అక్కను గట్టెక్కించినదానిలా, మాస్కు తానే సర్దుకుంది.

మధ్యాహ్నానికి పద్నాలుగో మంచం ఖాళీ అయింది. జాబితాలో ఆయా పేరు కొట్టేయమని ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. పెద్ద సిస్టర్ స్కేలు పెట్టి గీత గీసింది. ఆ పైన తన పేరు ఇంకా చూద్దాం గడిలోనే ఉంది.

ల్యాబతను గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"మీరు వేయించుకున్నారా సిస్టర్?"

"వేయించుకున్నాను."

"ఎప్పుడు?"

"ఇవాళే," అంది పెద్ద సిస్టర్.