నలభై రోజుల మెసేజ్‌లు

వినీత జనగామలో ఇంట్లోనే కూర్చుని ఒక సర్వర్‌ను చూసుకుంటుంది. యుగేందర్ అనే ఆయన నడిపే చిన్న హోస్టింగ్ కంపెనీ సర్వర్ అది. విత్తనాల దుకాణాలు, బడులు, ఫంక్షన్ హాళ్లు, అన్నీ కలిపి అరవై దాకా వెబ్‌సైట్లు దాని మీదే ఉంటాయి. సైట్లు అందరికీ కనిపిస్తాయి. వాటి వెనక మెయిళ్లు, మెసేజ్‌లు పంపే సర్వీసులు ఎవరికీ కనిపించకుండా నడుస్తుంటాయి. అవి ఆగకుండా చూడడం ఆమె పని.

ఆగస్టులో ఒక మంగళవారం జాబితా చూస్తుంటే అందులో ఒక సర్వీసు ఆగి ఉంది. మహబూబాబాద్‌లోని ఒక కంటి దవాఖాన తరఫున రోగులకు మెసేజ్‌లు పంపే సర్వీసు. నలభై రోజుల కింద అప్‌డేట్ల కోసం సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు మిగతావన్నీ వాటంతటవే లేచాయి, ఇది లేవలేదు. సర్వర్‌తో పాటు దీన్నీ లేపాలని ముందే రాసిపెట్టాల్సింది వినీతే. మరిచిపోయింది.

ఆమె వెంటనే దాన్ని మొదలుపెట్టింది. పేరుకుపోయిన మూడు వందల పద్దెనిమిది మెసేజ్‌లు ఆరు నిమిషాల్లో వెళ్లిపోయాయి. ఆ తర్వాత గానీ ఒకటి తెరిచి చదవలేదు. ‘రేపు ఉదయం పది గంటలకు కంటి పరీక్షకు రాగలరు.’ అందులో తేదీ లేదు, చదివినవాళ్లంతా మర్నాడే వచ్చేస్తారు.

యుగేందర్‌కు ఫోన్ చేసింది.

"గట్లెట్ల? సైటు మంచిగనే నడుస్తున్నది గదా?" అన్నాడతను.

"సైటు నడుస్తున్నదన్నా. ఎనక నడిచేది ఆగింది. తప్పు నాదే."

"అయితే అది తప్పు మెసేజని ఇంకోటి పంపు."

పంపింది. కానీ మనసు కుదుటపడలేదు. దవాఖానలో చీటీలు రాసే తిరుపతికి కూడా సంగతి చెప్పి, తెల్లారి మొదటి బస్సుకే తొర్రూరు మీదుగా మహబూబాబాద్ వెళ్లింది.

ఆమె చేరేసరికి వరండా నిండిపోయింది. రోజూ పాతిక మంది వచ్చే చోట తొంభై మంది దాకా ఉన్నారు. మొదటి మెసేజ్‌ను మనవళ్లో పక్కింటివాళ్లో చదివి చెప్పారు. రెండోది వచ్చేసరికి చాలామందికి చదివి చెప్పేవాళ్లు దగ్గర లేరు. వినీత చీటీల బల్ల దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ పొరపాటు జరిగిందని చెప్పింది. కొందరు తిట్టి వెళ్లిపోయారు. ఎక్కువ మంది, వచ్చినం గదా చూపించుకునే పోతమని కూర్చున్నారు.

"నలభై దినాలు మీకు అనుమానం రాలేదా అన్నా?" అని తిరుపతిని అడిగింది.

"నాట్ల కాలం గదమ్మా. మంది తక్కువ రాంగనే, అందరు పొలాలల్ల ఉన్నరనుకున్నం."

మధ్యాహ్నం డాక్టర్ సుభాషిణి ఆమెను లోపలికి పిలిచింది. కుర్చీలో కొత్తగూడ నుంచి వచ్చిన పోశాలు అనే ముసలాయన ఉన్నాడు. జులైలో కుడికంటికి ఆపరేషన్ అయింది. వారం తర్వాత పరీక్షకు పిలిచి చుక్కల మందు తగ్గించాలి. పిలుపు అందలేదు. ఆయన మాత్రం రోజుకు నాలుగుసార్లు వేసుకుంటూనే ఉన్నాడు.

"మందు అయిపోతే మల్ల తెప్పిచ్చుకున్న. బందు చెయ్యమని ఎవలు చెప్పలే," అన్నాడు పోశాలు.

"ఫోన్ రాలేదని ఇటు రావాల్సింది గదా బాపూ," అంది వినీత.

"ఫోన్ వస్తది, అప్పుడు రమ్మన్నరు బిడ్డా. రాకపోయేసరికి నాతోని పని లేదనుకున్న."

అన్ని రోజులు ఆ మందు వేసుకోవడంతో ఆయన కంట్లో ఒత్తిడి పెరిగిందని డాక్టర్ చెప్పింది. "ఇంకో నెల గిట్లనే వేసుకుంటే నరం దెబ్బతింటుండె. ఇయ్యాల మంది ఎక్కువైన్రని నువ్వు పరేషాన్ అవుతున్నవు. నాకు పరేషాన్ రానోళ్ల గురించి."

పొద్దుటి నుంచి వినీత భయమంతా ఆ గుంపు గురించే.

ఆమె రెండు రోజులు మహబూబాబాద్‌లోనే తెలిసినవాళ్లింట్లో ఉండిపోయింది. తిరుపతి, ఆమె చెరిసగం పేర్లు పంచుకుని రానివాళ్లందరికీ ఫోన్లు చేశారు. భూపాలపల్లిలో కైలాసం అనే ఆయన వరంగల్‌లో చూపించుకున్నానని, తన పేరు తీసేయమని కోపంగా అన్నాడు. తీసేసింది. పదకొండు నంబర్లు కలవలేదు. ఆ ఊళ్ల ఆశా కార్యకర్తల నంబర్లు వెతికి వాళ్లకు చెప్పారు.

జనగామకు వచ్చాక సర్వర్‌తో పాటే ఆ సర్వీసు లేచేలా రాసింది. మెసేజ్‌లో ‘రేపు’ తీసేసి తేదీ పెట్టింది. పాత తేదీవి పోకుండా ఆపింది. ఏ సర్వీసు ఆగినా తన ఫోన్ మోగేలా చేసుకుంది. యుగేందర్ పెద్దగా ఏమీ అనలేదు. ఒక నెల జీతం ఆలస్యంగా ఇచ్చాడు.

మూడు వారాలకు తిరుపతి ఫోన్ చేశాడు. పోశాలు కంట్లో ఒత్తిడి దిగిందట. రెండో కంటికి ఆపరేషన్ తేదీ కూడా ఇచ్చారట.

"మెసేజ్ పోయిందా అన్నా?"

"పోయింది. నేను గూడ ఫోన్ చేసిన. వస్తనన్నడు."