కుళాయి చప్పుడు

"చెయ్యి ఎత్తు, చూస్తాను" అంది మూతలావిడ.

చిన్నకోడలు ఎత్తలేకపోయింది. భుజం దాకా లేచిన చెయ్యి కిందికి జారింది. ఆస్పత్రి లాండ్రీలో యంత్రం ఎవరికోసం ఆగుతుంది? రెండో అంచు పట్టుకునేవాళ్ళు లేక తడి దుప్పటి ఇస్త్రీ రోలర్ల మధ్య ముద్దగా చుట్టుకుపోయింది. మేస్త్రీ అరిచాడు. పెద్దకోడలు పరుగున వచ్చి దుప్పటి లాగి, "స్నానాల గదిలో జారి పడింది" అని అడగనివాళ్ళకి కూడా చెప్పింది.

ఒక మనిషి ఎన్నిసార్లు జారి పడుతుందండీ? ఆ గది నేలకి చిన్నకోడలి మీద అంత పగేమిటి?

వాళ్ళిద్దరూ అన్నదమ్ముల్ని చేసుకుని, ఒకే విమానంలో ఈ దేశం వచ్చిన తోడికోడళ్ళు. ఒకే వాటాలో చెరో గది, మధ్యలో వంటిల్లు. ఎదురు వాటాలో మూతలావిడ. ఆవిడ దేశం వేరు, భాష వేరు. ముగ్గురూ లాండ్రీలో నేర్చుకున్న వచ్చీరాని మాటలతోనే నెట్టుకొస్తారు. ఆవిడ ఊళ్ళో సిపాయిలు వీధిలోకి వస్తే ఆడవాళ్ళు గిన్నెల మూతలు వాయిస్తూ ఇంటింటికీ కబురు చేరేసేవారట. ఆ ఊరు తగలబడింది. ఇల్లు పోయి, కాగితాలు పోయి ఇక్కడ తేలింది. మూత అలవాటు మాత్రం పోలేదు. ఈ మేడలో ఏ ఆడదాని ఏడుపు వినబడినా గుమ్మంలోకి వచ్చి మూత వాయిస్తుంది. మొదట్లో అందరూ నవ్వారు. తరవాత పై అంతస్తులో ఒకామె, కింద ఇంకొకామె, తలా ఒక దేశంవాళ్ళు, మూతలు అందుకున్నారు. గుమ్మం ముందు అంతమంది చేరితే ఎంత మొగాడికైనా చెయ్యి కాస్త వెనకాడుతుంది.

పెద్దకోడలు తెచ్చుకున్న అలవాటు వేరు. బయల్దేరేటప్పుడు అత్తగారు పక్కకి పిలిచి చెప్పింది: "పరాయి చోటు. గొడవైతే బకెట్లోకి కుళాయి తిప్పుకోండి. మన గుట్టు గోడ దాటకూడదు." విమానం దిగాక పెట్టెలన్నీ విప్పి వెతికారు గానీ ఈ అలవాటుని ఎవరూ పట్టుకోలేదు. పెద్దకోడలు తను తన్నులు తిన్నన్నాళ్ళూ ముందుగా తనే వెళ్ళి కుళాయి తిప్పి వచ్చేది. ఇప్పుడు చిన్నదాని కోసం తిప్పుతోంది. కిందటిసారి అనుమానం వచ్చి మూతలావిడ తలుపు కొడితే, "బట్టలు తడుపుతున్నాను, మీ పని మీరు చూసుకోండి" అని మొహం మీదే తలుపేసింది కూడా.

పని దిగి ఇంటికి నడుస్తుంటే చిన్నకోడలు మెల్లిగా చెప్పింది.

"అక్కా, నా పాస్‌పోర్టు ఆయన పెట్టెలోంచి తీసేశాను. జాకెట్లో ఉంది."

"నీకేమైనా మతి పోయిందా? చంపేస్తాడే."

"మూతలావిడ అడిగింది. నా కాగితాలు కాలిపోయాయి, నేనెవరో చెప్పుకోడానికి నాకేమీ మిగల్లేదు, నీది ఎవరూ కాల్చలేదు కదా, మరి అది నీ దగ్గరెందుకు లేదు అని. ఏం చెప్పను?"

"తిరిగి పెట్టెయ్యవే. నీకు పుణ్యముంటుంది."

"పెట్టను."

మరిది అప్పటికే మంచం మీద పెట్టె బోర్లించి కూర్చున్నాడు. "ఏదే?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే చెంప పగిలింది. జుట్టు పట్టుకుని గదిలోకి ఈడ్చి గడియ పెట్టాడు. తల గోడకి తగిలిన చప్పుడు వంటింటి గిన్నెల దాకా వచ్చింది. తరవాత బెల్టు. ఒక్కొక్క దెబ్బకీ "ఇస్తావా, చస్తావా" అని అడుగుతున్నాడు.

కుర్చీలో కూర్చుని మేజోళ్ళు విప్పుకుంటున్న పెద్దవాడు తలైనా ఎత్తలేదు.

"కుళాయి తిప్పవే" అన్నాడు, మంచినీళ్ళు అడిగినట్టు.

పెద్దకోడలి చెయ్యి దానంతటదే వెళ్ళి తిప్పింది. ఇనప బకెట్లోకి నీళ్ళు దడదడా పడ్డాయి. ఆ మోతలో గదిలోంచి మాట వచ్చింది. అమ్మా అని కాదు, బాబోయ్ అని కాదు.

"అక్కా, కుళాయి కట్టెయ్యి."

కొట్టేవాణ్ణి ఆపమని కూడా అడగలేదు ఆ పిల్ల. ఏడుపు నలుగురికీ వినబడనిమ్మంది, అంతే. ఇన్నాళ్ళూ లోపల వాడు కొడుతుంటే బయట పెద్దకోడలు దాని నోరు నొక్కుతూనే ఉంది. సిగ్గుతో ఒళ్ళంతా భగ్గుమంది.

కుళాయి కట్టేసింది.

బెల్టు చప్పుడు, ఏడుపు, రెండూ నడవలోకి నడిచి వెళ్ళిపోయాయి.

"తిప్పమన్నానా?" పెద్దవాడు లేచాడు.

"తిప్పను."

బకెట్లో నీళ్ళు నేల మీద కుమ్మరించింది. వాటా తలుపు బోల్టు లాగి, ఖాళీ బకెట్ గుమ్మంలో బోర్లించి, గరిటెతో కొట్టింది. మొదటి దెబ్బ సరిగా పడలేదు. రెండో దెబ్బకి ఎదురు తలుపు తెరుచుకుంది. మూతలావిడ మూతతో బయటికి వచ్చింది గానీ వాయించలేదు, ఒక్క క్షణం అలా చూస్తూ నిలబడింది. తరవాత అందుకుంది. పై అంతస్తులో ఒకటి, కింద ఒకటి.

లోపల బెల్టు ఆగిందో, ఈ మోతలో కలిసిపోయిందో తెలియడం లేదు. గడియ ఇంకా తియ్యలేదు. మెట్ల మీద చాలా అడుగులు వస్తున్నాయి.

పెద్దవాడు వెనకనుంచి వచ్చి ఆమె కుడి మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. లోపల ఎముక కదిలినట్టయింది.

ఆమె గరిటె ఎడంచేతిలోకి మార్చుకుంది.