పదకొండు ఇళ్ల జవాబు

ఆ పొద్దున క్లారీ పదిహేడు ప్రశ్నలకి "ఔను" అన్నాడు. ఒక్కటీ నిజం కాదు.

మంచాన పడ్డవాళ్లకి సర్కారు సాయం ఎంత కావాలో తేల్చడానికి పట్నం నుంచి వచ్చిన ఆఫీసరమ్మ వరండాలో కుర్చీ వేసుకుని అడుగుతోంది. నీ అంతట నువ్వు స్నానం చేయగలవా? ఔను. మంచం దిగగలవా? ఔను. ఎడమవైపంతా పడిపోయి, కుడికాలు మోకాలి దాకా తీసేసిన మనిషి మంచం ఎలా దిగుతాడని ఆమెకి తోచనే లేదు. ఒళ్లోని ట్యాబు నుంచి తలెత్తితే కదా. క్లారీ చక్రాల కుర్చీని గోడవైపు తిప్పించుకుని, టోపీ ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాడు. ఆమె వెంట దుభాషిగా వచ్చిన నోలా నాలుగడుగుల దూరంలో నేల చూపులు చూస్తూ నిలబడింది.

నోలాకి ఇరవై ఆరేళ్లు, క్లారీకి యాభై ఎనిమిది. అయినా వరసకి ఆమె అతనికి అత్త. ఆ ఎడారి ఆదివాసీ ఊళ్లలో అత్తా అల్లుడూ ఒకరి కంట ఒకరు పడరు, ఒక నీడన కూర్చోరు. అలాంటిది ఆమె వింటూ ఉండగా దొడ్డికి ఎలా వెళతావో చెప్పమంటే ఏ అల్లుడు చెబుతాడు? త్వరగా ముగిస్తే చాలని అన్నిటికీ ఔనన్నాడు. నోలా జీపు దిగకముందే ఈ సంగతి చెప్పింది. కాసేపటి పనేగా, సర్దుకోమంది ఆఫీసరమ్మ.

గుమ్మంలో నిలబడ్డ క్లారీ భార్య వాల్డా ఉండబట్టలేక, నేను చెబుతానంది. అతని గురించి అతనే చెప్పాలి, అది అతని హక్కు అని ఆఫీసరమ్మ చేయి అడ్డం పెట్టింది. నోరు నొక్కేటప్పుడే వీళ్లకి మన హక్కులు గుర్తొస్తాయి, అనుకుంది వాల్డా.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. క్లారీ తన పనులు తనే చేసుకోగలడు కనుక రోజూ వచ్చి ఎత్తి దించే మనిషిని ఆపేస్తున్నారట. ఒక్కదాన్నే ఎత్తలేనని వాల్డా ఫోను చేస్తే, అయితే గురువారం వ్యాను పంపి పట్నంలో మంచాన పడ్డవాళ్లని ఉంచే ఆశ్రమానికి తీసుకెళతామన్నారు. పట్నం ఆరువందల కిలోమీటర్లు. ఆ ఊరి నుంచి ఆ ఆశ్రమానికి పోయిన నలుగురూ శవపెట్టెల్లోనే తిరిగొచ్చారు. పోయినవాళ్ల పేరెత్తకూడదన్నది అక్కడి ఆచారం, వాళ్ల పేర్లు ఇప్పటికీ ఎవరూ పలకరు.

రెండ్రోజులు వాల్డా సిగ్గుతో ఆ ఉత్తరం దాచుకుంది. మొగుణ్ణి చూసుకోలేనిదని ఊరంతా అనుకోదూ? మూడోనాడు టీ తాగుతూ ఎల్సీ అక్కకి చూపించింది. చూపులేని కూతుర్ని ముప్పై ఏళ్లుగా సాకుతున్న ఎల్సీ మాట్లాడకుండా సంచిలో చేయి పెట్టి అలాంటిదే ఇంకో ఉత్తరం తీసింది. సాయంత్రానికి పదకొండు ఇళ్ల ఉత్తరాలు బయటపడ్డాయి.

ఆస్పత్రి పక్క రేకుల నీడన మీటింగు పెట్టారు. ఊరి కౌన్సిల్లో పనిచేసే రెక్స్ లేచి, గొడవ పడితే ఉన్నదీ పోతుందని, అప్పీలు రాసుకుని మూడు నెలలు ఓపిక పట్టాలని చెప్పాడు. ఈలోగా క్లారీని నువ్వు ఎత్తుతావా అని ఎవరో అడిగారు. మాటా మాటా పెరిగింది. అసలు మీరంతా ఔనని ఎందుకన్నారని రెక్స్ విసుక్కున్నాడు.

"ఎందుకన్నామా?" అంది ఎల్సీ. "కాగితాలు పట్టుకుని ఎవరొచ్చినా అంతా బాగుందనమని మా అమ్మ నేర్పింది. బాలేదంటే ఆ సర్కారోళ్లు పిల్లల్ని ఎత్తుకుపోయేవోళ్లు. మా అమ్మని అట్టాగే ఎత్తుకుపోయారు. ఆ భయం నాకింకా పోలేదు రెక్సూ, నీకు పోయిందా?"

రెక్స్ కూర్చుండిపోయాడు. వాల్డాకి ఎప్పుడూ పదిమందిలో మాట్లాడే అలవాటు లేదు. అయినా లేచింది.

"తప్పు మనది కాదు. ఇల్లిల్లూ విడదీసి అడిగితే ఎవరైనా ఔననే అంటారు. ఒకరికి సిగ్గు, ఒకరికి భయం. గురువారం అందరం ఒక్కచోట కూర్చుందాం. వాళ్లు అడగాల్సింది అక్కడే అడగాలి. వ్యాను మాత్రం ఎవరం ఎక్కం."

గురువారం ఆఫీసరమ్మ వ్యాను తీసుకుని వచ్చేసరికి దారి నిండా జనం. చక్రాల కుర్చీలు, పరుపులు, కర్రలు, కుక్కలు. నోలా ముందురోజే ఉద్యోగం వదిలేసి ఊరికి వచ్చేసింది. క్లారీకి కనబడకుండా రేకుల గోడ వెనక పొయ్యి దగ్గర కూర్చుని అందరికీ రొట్టెలు కాలుస్తోంది. ఆరోజు అత్తా అల్లుళ్ల సంగతి తను ముందే చెప్పిందనీ, ఆఫీసరమ్మ రాసుకోలేదనీ కాగితం మీద పెట్టి సంతకం చేసి పంపింది. ఎల్సీ దాన్ని పైకి చదివింది. ఆఫీసరమ్మ ముఖం ఎర్రబడింది.

"ఇప్పుడడుగమ్మా," అంది వాల్డా.

ఆఫీసరమ్మ అడగలేదు. క్లారీయే టోపీ తీసి మాట్లాడాడు. వంకరపోయిన నోటితో ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు.

"స్నానం చేయలేను. లేవలేను. నాకు మనుషులు కావాలి. వాళ్లని ఇక్కడికే పంపు. నా నేల వదిలి నేను రాను."

జనం హోరెత్తారు. దారి వదలమన్నారు వ్యాను వెంట జీపులో వచ్చిన పోలీసులు. వాల్డా వ్యాను చక్రం ముందు కూర్చుంది. రెండుసార్లు చెప్పి, రెక్కలు పట్టి లేపి జీపులో పడేశారు.

అప్పుడు ఆఫీసరమ్మకి ధైర్యం వచ్చింది. ఫారంలో క్లారీని చూసుకునే మనిషిగా వాల్డా పేరొక్కటే ఉంది. ఆ మనిషే లేదు కనుక రూలు ప్రకారం ఇతన్ని తీసుకుపోవాల్సిందే అంది. జీపు కిటికీలోంచి ఆ మాట విన్న వాల్డా దబదబా తలుపు బాదింది.

"నా పేరు రాసుకో," అంది ఎల్సీ.

"నాది కూడా రాయి," అన్నాడు రెక్స్. "పొద్దున పూట అన్నని ఎత్తేది నేను."

ఒకరి తర్వాత ఒకరు పేర్లు చెబుతున్నారు. స్నానం నేను చేయిస్తానని ఒకడు, మందులు నేనని ఒకతె. చూపులేని ఎల్సీ కూతురు కూడా లేచి, కబుర్లు నేను చెబుతానంది. చివరికి రేకుల గోడ వెనక నుంచి నోలా గొంతు వినిపించింది.

"నా పేరూ రాయి. వండి పంపిస్తా, ఎదురుపడకుండా."

ఫారంలో చోటు ఒక్క పేరుకే ఉంది. నలభై మూడు పేర్లు చెప్పారు. చూసుకునే మనిషి లేదన్న మాట ఇక చెల్లలేదు, వ్యాను ఖాళీగా వెనక్కి తిరిగింది.

ఆ రాత్రి పట్నం పోలీసు స్టేషన్లో వాల్డాకి ఒక ఫోను మాట్లాడుకోనిచ్చారు. ఆయన తిన్నాడా అని అడిగింది. తిన్నాడు, రెక్స్ ఎత్తే పద్ధతి బాలేదని తిడుతున్నాడు అంది ఎల్సీ. పక్క ఊరివాళ్ల దగ్గరా తొమ్మిది ఉత్తరాలున్నాయట, మీటింగు ఎప్పుడని అడుగుతున్నారట.

"ఆదివారం పెట్టమను," అంది వాల్డా. "వీళ్లు వదిలితే నేనొస్తా. వదలకపోతే అందర్నీ ఇక్కడికే రమ్మను."